మతిమరుపు కంటే ముందే వస్తున్న భయం

బీపీ ఎంతుంది, షుగర్ ఎంతుంది అని ఓపీలో బిగ్గరగానే అడిగే పెద్దవాళ్లు ఒక్క ప్రశ్న మాత్రం గొంతు తగ్గించి అడుగుతారు. చీటీ చేతికి తీసుకుని, వెంట వచ్చిన కొడుకో కోడలో మందుల కిటికీ వైపు వెళ్లేదాకా ఆగి అడుగుతారు. ‘‘ఈమధ్య మరిచిపోతున్నానండీ డాక్టరుగారూ. ఇది అదేనా?’’ ఆ ‘అది’ ఏమిటో పేరు పెట్టి చెప్పరు. పేరు పలికితేనే వచ్చేస్తుందేమోనన్నంత భయం. బంటుమిల్లి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే అరవై, డెబ్భై ఏళ్లవాళ్ల దగ్గర ఈ ప్రశ్న తరచుగా వింటున్నాం. ఏదో ఒక జబ్బుతో వార్డులో చేరి, నాలుగు రోజులు మంచం మీద ఉన్నవాళ్లలో ఈ దిగులు ఇంకా ఎక్కువ.

క్యాన్సర్ అని తెలిస్తే ఇల్లంతా ఒక్కటై విజయవాడకో హైదరాబాద్‌కో పరుగెత్తుతుంది. గుండెపోటు వస్తే బంధువులంతా పలకరించడానికి వస్తారు. మతి తప్పిందంటే మాత్రం ఆ మనిషి మాటకు ఇంట్లో విలువ పోతుంది. పెద్దవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. పక్కింట్లోనో, సొంత అక్కచెల్లెళ్ల ఇళ్లలోనో చూసే ఉంటారు. కాస్త కూర్చోబెట్టి మాట్లాడిస్తే అసలు సంగతి బయటికి వస్తుంది. ‘‘పిల్లలకు భారమైపోతానేమో.’’ ‘‘నలుగురిలో నవ్వులపాలవుతానేమో.’’ ‘‘పొలం గురించి, బ్యాంకు పుస్తకం గురించి నన్ను అడగడం మానేస్తారేమో.’’ దాదాపు అందరూ ఈ మూడింటిలో ఏదో ఒకటి చెబుతారు. జబ్బు వచ్చాక ఇంట్లోవాళ్లు తమతో ఎలా ఉంటారోనన్నదే వాళ్లను ఎక్కువగా వణికిస్తోంది.

భయపడినవాళ్లు దాచుకుంటారు. దాచుకుంటే పరీక్ష జరగదు. పరీక్ష జరగకపోతే, సులువుగా నయమయ్యే కారణాలు కూడా ‘వయసు’ అనే మాట చాటున మిగిలిపోతాయి. అందుకే ఈ భయాన్ని ఒక లక్షణంగానే తీసుకుని, విని, సమాధానం చెప్పాల్సిన బాధ్యత డాక్టర్ల మీదా ఉంది, కుటుంబాల మీదా ఉంది.

భయం ఎంత, నిజం ఎంత?

మన దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో డిమెన్షియా ఎంతమందికి ఉందో తెలుసుకోవడానికి ‘లాసి-డాడ్’ అనే జాతీయ స్థాయి అధ్యయనం జరిగింది. దాని ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం ఈ వయసువారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఇది చిన్న సంఖ్యేమీ కాదు. మగవారికంటే ఆడవారిలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువగా కనిపించింది. అయితే ఇదే లెక్కను రెండో వైపు నుంచి కూడా చూడాలి. అరవై దాటిన వంద మందిలో 92, 93 మందికి ఈ జబ్బు లేదు. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరిగే మాట నిజమే గానీ, వయసు పైబడిన ప్రతివారికీ మతి పోతుందనేది అపోహ.

డిమెన్షియా అంటే ఒకే జబ్బు కాదు. జ్ఞాపకం, ఆలోచన, మాట, దారి గుర్తుపట్టడం వంటివి రోజువారీ పనులకు అడ్డం వచ్చేంతగా దెబ్బతినే స్థితికి అది పేరు. దానికి కారణాల్లో అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ మొదట వివరించిన, ఆయన పేరుతోనే పిలిచే అల్జీమర్స్ వ్యాధి. తర్వాతది మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చేది. బీపీ, షుగర్ చాలాకాలం అదుపు తప్పి ఉన్నవారికి, పక్షవాతం వచ్చినవారికి దీని ముప్పు ఎక్కువ. మన ప్రాంతంలో బీపీ, షుగర్ లేని ఇల్లు అరుదు. కాబట్టి ఈ రెండో రకం సంగతి మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఏది మామూలు మరుపు?

తెలిసినవాళ్ల పేరు నోటి చివరిదాకా వచ్చి ఆగిపోవడం, అరగంట తర్వాత గుర్తుకు రావడం మామూలే. కళ్లజోడు ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం, గదిలోకి ఎందుకు వచ్చామో క్షణంపాటు తోచకపోవడం, పెళ్లిలో పలకరించినాయన ఎవరో ఇంటికొచ్చాక గుర్తుకు రావడం కూడా అంతే. అరవై దాటాక మెదడు కాస్త నెమ్మదిస్తుంది. నెమ్మదించడం వేరు, చెడిపోవడం వేరు.

అనుమానించాల్సినవి ఇంకోరకంగా ఉంటాయి. పది నిమిషాల క్రితం అడిగిన ప్రశ్ననే మళ్లీ మళ్లీ అడగడం, చెప్పిన జవాబు గుర్తులేకపోవడం. నలభై ఏళ్లుగా తిరుగుతున్న దారిలోనే, పెడన బస్సు దిగి ఇంటికి ఎటు వెళ్లాలో తోచకపోవడం. రోజూ కాచే పులుసు ఎలా కాయాలో వరస తప్పిపోవడం. కౌలు లెక్కలు నోటితో చెప్పగలిగిన మనిషి పాలవాడికి ఎంత ఇవ్వాలో తేల్చుకోలేకపోవడం. నెమ్మదైన మనిషి అకారణంగా అనుమానాలు పడటం, డబ్బు ఎవరో దొంగిలించారని ఇంట్లోవాళ్లనే నిందించడం. ఇవి కొన్ని నెలలుగా ఉండి, క్రమంగా పెరుగుతుంటే పరీక్ష చేయించాల్సిందే. ఇలాంటి మార్పులను ‘చాదస్తం’ అని కొట్టిపారేయడం వల్ల మన ఇళ్లలో ఏళ్లు గడిచిపోతున్నాయి.

ఇంకొక పొరపాటు కూడా జరుగుతోంది. ‘‘మా నాన్నగారికి 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పూసగుచ్చినట్టు గుర్తుందండీ, ఆయనకి మతిమరుపేమిటి?’’ అంటారు. దివిసీమ ఉప్పెనను చూసినవాళ్లు ఆ రాత్రిని మరిచిపోవడం కష్టం. కానీ పాత జ్ఞాపకం నిలిచి ఉండటం వల్ల జబ్బు లేదని చెప్పలేం. కొత్త సంగతులను నమోదు చేసే భాగం మెదడులో వేరుగా ఉంటుంది. అల్జీమర్స్ సాధారణంగా ముందు దాన్నే దెబ్బతీస్తుంది. అందుకే యాభై ఏళ్ల నాటి గాలివాన గుర్తుండి, పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండకపోవచ్చు. పెద్దవాళ్లను గమనించేటప్పుడు నిన్నటి సంగతులు, ఈ వారం సంగతులు అడిగి చూడండి.

తనకు మరుపు వస్తోందని తనే వచ్చి చెప్పి, ఎప్పుడెప్పుడు ఏం మరిచిపోయారో వివరంగా చెప్పగలిగినవారిలో చాలామందికి డిమెన్షియా ఉండదు. జబ్బు ముదిరేకొద్దీ తాను మరిచిపోతున్న సంగతే మనిషికి తెలియకుండా పోతుంది. ఇంట్లోవాళ్లు బలవంతాన తీసుకొస్తే ‘‘నాకేం లేదు’’ అంటారు. అలాగని ఇది కచ్చితమైన సూత్రం కాదు. మొదటి దశలో చాలామందికి తెలుస్తూనే ఉంటుంది. కాబట్టి చెప్పినవారినీ పరీక్షించాలి, చెప్పనివారి గురించి ఇంట్లోవాళ్లనూ అడగాలి.

ఆస్పత్రి మంచం మీద మాట తేడా వస్తే

వార్డులో ఈ భయం ఎక్కువ కావడానికి ఒక కారణం ఉంది. న్యుమోనియాతోనో, మూత్రంలో ఇన్ఫెక్షన్‌తోనో, తుంటి ఎముక విరిగో చేరిన పెద్దాయన పగలంతా బాగానే ఉంటాడు. రాత్రి అయ్యేసరికి ఊళ్లో ఉన్నానంటాడు, చనిపోయిన అన్నయ్యను పిలుస్తాడు, సెలైన్ సూది పీకేస్తాడు. వెంట ఉన్నవాళ్లు హడలిపోతారు. పక్క మంచం మీదివాళ్లు ‘‘మతి పోయింది పాపం’’ అంటారు. తెల్లవారాక కాస్త తేరుకున్న పెద్దాయన చెవిన ఆ మాట పడుతుంది. దాంతో ఆయనకు ఆ భయం పట్టుకుంటుంది. పక్క మంచం పెద్దావిడ కూడా ‘‘రేపు నా గతీ ఇంతేనా’’ అనుకుంటుంది.

దీని పేరు డెలీరియం. జ్వరం తీవ్రమై పలవరిస్తే పాతకాలంలో సన్నిపాతం అనేవారు. ఇది డిమెన్షియా కాదు. డిమెన్షియా నెలలు, ఏళ్ల మీద నెమ్మదిగా వస్తుంది. డెలీరియం గంటల్లో, రోజుల్లో వస్తుంది. ఒక పూట ఉంటుంది, ఒక పూట తగ్గుతుంది, రాత్రిపూట పెరుగుతుంది. మనిషి ఒక మాట మీద దృష్టి నిలపలేడు. ఒక్కోసారి గొడవ ఏమీ చేయకుండా మగతగా, మౌనంగా పడి ఉంటాడు. ‘నీరసం’ అనుకుని ఈ రకాన్ని ఎవరూ పట్టించుకోరు.

డెలీరియం వచ్చిందంటే ఒంట్లో ఏదో తేడా ఉందని అర్థం. ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం పడిపోవడం, షుగర్ మరీ తగ్గడం, ఆక్సిజన్ చాలకపోవడం, మూత్రం బిగబట్టడం, మలబద్ధకం, నొప్పి, కొత్తగా మొదలెట్టిన మందు, రోజూ తాగే అలవాటున్నవారు హఠాత్తుగా మానడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. కారణం పట్టుకుని సరిచేస్తే చాలామంది తేరుకుంటారు. కొందరికి రోజులు, కొందరికి వారాలు పడుతుంది. నిజం దాచకూడదు కాబట్టి ఇంకో మాటా చెప్పాలి. డెలీరియం వచ్చినవారికి తర్వాతి కాలంలో డిమెన్షియా ముప్పు కొంత ఎక్కువ. లోపల అప్పటికే మొదలైన జబ్బు ఆ సమయంలో బయటపడొచ్చు కూడా. అందుకని ఇంటికి వెళ్లాక రెండు, మూడు నెలలకు ఒకసారి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించాలి. ఆస్పత్రి మంచం మీద ఉండగానే డిమెన్షియా అని ముద్ర వేయడం మాత్రం తగదు.

ఈ సమయంలో వెంట ఉన్నవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. కళ్లజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు ఇంట్లో వదిలేసి రాకండి. తెలిసిన ముఖం ఒకటి పక్కన ఉండాలి. ఇది ఆస్పత్రి, ఇవాళ ఫలానా వారం, నేను నీ కూతుర్ని అని నెమ్మదిగా చెబుతుండాలి. పగలు వెలుతురులో కూర్చోబెట్టాలి, రాత్రి నిద్ర పోనివ్వాలి. ఆయన చెప్పేది తప్పని వాదించకూడదు. ‘‘మత్తు ఇస్తే మతి పోతుందా?’’ అని ఆపరేషన్‌కు ముందు చాలామంది అడుగుతారు. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు గందరగోళం రావచ్చు, ఎక్కువమందిలో అది తగ్గిపోతుంది. ఈ భయంతో విరిగిన తుంటికి ఆపరేషన్ మానుకుంటే మంచాన పడటం వల్ల వచ్చే ప్రమాదం అంతకంటే పెద్దది. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా గందరగోళం వచ్చి ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

వెతికితే దొరికే కారణాలు

మరుపు అని వచ్చినవారికి కొన్ని రక్తపరీక్షలు తప్పనిసరిగా చేయాలి. వాటిలో మొదటిది విటమిన్ బి12. పూర్తి శాకాహారుల్లో, షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారిలో ఇది తగ్గుతుంది. ఇది తక్కువైతే మరుపు, అరికాళ్ల తిమ్మిరి, నడకలో తూలు వస్తాయి. త్వరగా గుర్తిస్తే ఇంజెక్షన్లతో, మాత్రలతో సరిదిద్దవచ్చు. రెండోది థైరాయిడ్. మూడోది సోడియం. బీపీ అని ఉప్పు పూర్తిగా మానేసి, మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వేసుకునే పెద్దవాళ్లకు ఎండాకాలంలోనో, విరేచనాలు పట్టుకున్నప్పుడో సోడియం పడిపోతుంది. చూసేవాళ్లకు మతి తప్పినట్టే ఉంటుంది. అలాగని మాత్రను మీరే ఆపేయకండి, డాక్టరుకు చూపించండి.

మందుల సంచీ మొత్తం పట్టుకురమ్మని చెప్పేది ఊరికే కాదు. నిద్ర కోసం ఏళ్ల తరబడి వేసుకునే అల్ప్రాజోలం, జలుబుకు వాడే కొన్ని మాత్రలు, మూత్రం ఆగడం లేదని ఇచ్చే కొన్ని మందులు పెద్దవాళ్లలో జ్ఞాపకాన్ని మసకబారుస్తాయి. వీటినీ డాక్టరే నెమ్మదిగా తగ్గించాలి. హఠాత్తుగా మానితే వేరే ఇబ్బందులు వస్తాయి.

తరచుగా ఎవరి దృష్టికీ రాని కారణం దిగులు. భార్య పోయాక, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడ్డాక, ఉన్న ఎకరం చెరువుకు లీజుకిచ్చి ఖాళీగా కూర్చున్నాక మనిషి దేని మీదా మనసు పెట్టడు. మనసు పెట్టనిది గుర్తుండదు. దాన్ని మతిమరుపు అనుకుని మరింత కుంగిపోతాడు. డిప్రెషన్‌కు చికిత్స ఇస్తే ఈ మరుపు చాలావరకు తగ్గుతుంది. అలాగే వినపడనివాళ్లు. సగం వినపడక సంబంధం లేని జవాబు చెబితే ఇంట్లోవాళ్లు మతి తప్పిందంటారు. ముందు చెవిలో గుబిలి ఉందేమో చూడాలి. ఇక స్నానాల గదిలో జారి తలకు తగిలిన చిన్న దెబ్బ. వారాల తర్వాత మెదడు చుట్టూ రక్తం చేరి మనిషి మందగించవచ్చు. స్కాన్‌లో తెలుస్తుంది, చాలామందికి ఆపరేషన్‌తో బాగవుతుంది.

పరీక్ష అంటే చదువుల పరీక్ష కాదు

జ్ఞాపకశక్తి పరీక్ష అనగానే బడికి వెళ్లని మామ్మలు బెదిరిపోతారు. తప్పు చెబితే జబ్బని రాసేస్తారని భయం. అందులో కొంత న్యాయం ఉంది. 1975లో అమెరికాలో తయారై ప్రపంచమంతా వాడుకలోకి వచ్చిన ఒక చిన్న పరీక్షలో చదవాలి, వాక్యం రాయాలి, బొమ్మ గీయాలి. అక్షరం రాని మనిషికి అందులో మార్కులు తగ్గితే అది జబ్బు కాదు. అందుకే మన భాషలకు, చదువు లేనివారికి తగినట్టు పరీక్షలను మార్చుకున్నారు. హైదరాబాద్ నిమ్స్‌లో జ్ఞాపకశక్తి క్లినిక్ నడిపిన డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం తెలుగుకు అనువుగా మలిచిన పరీక్షలను వాడింది. తేదీ చెప్పలేని మామ్మ తిథి చెప్పగలదు, ఏకాదశి ఎప్పుడో చెప్పగలదు. ఊడ్పులు అయ్యాయా, కోతలు వచ్చాయా చెప్పగలదు. అదీ కాలం తెలియడమే. ఇంటి పనులు, డబ్బు లెక్క, మందులు వేసుకోవడం మునుపటిలా చేసుకుంటున్నారా అన్నది మార్కులకంటే ముఖ్యమైన ఆధారం.

అమ్మకు వస్తే నాకూ వస్తుందా?

ఇది యాభై ఏళ్లవాళ్లు అడిగే ప్రశ్న. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ముప్పు కొంత పెరుగుతుంది. తప్పకుండా వస్తుందని కాదు. ఒకే జన్యువు లోపంతో తరతరాలుగా, చిన్న వయసులోనే వచ్చే అల్జీమర్స్ చాలా అరుదు. అమెరికాలో ఉన్న పిల్లలు కొత్త మందుల గురించి అడుగుతుంటారు. అక్కడ 2023లో లెకనెమాబ్‌కు, 2024లో డొనానెమాబ్‌కు అనుమతి లభించింది. ఇవి అల్జీమర్స్ తొలి దశలో ఉన్నవారిలో జబ్బు ముదరడాన్ని కొంత నెమ్మదింపజేస్తాయి. నయం చేయవు. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ముప్పు ఉండటంతో పదేపదే స్కాన్లు తీస్తూ వాడాలి. ఆశ పెట్టుకోవచ్చు గానీ, వీటికోసం ఇల్లు తాకట్టు పెట్టే పని లేదు.

అంతకంటే పెద్ద ఆశ మన చేతిలోనే ఉంది. 2024లో లాన్సెట్ నిపుణుల సంఘం 14 కారణాలను ఎత్తిచూపింది. చిన్నప్పుడు చదువు లేకపోవడం, వినికిడి లోపం, చూపు లోపాన్ని సరిచేయించుకోకపోవడం, అధిక రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్, ఊబకాయం, పొగ, అతిగా మద్యం, వ్యాయామం లేకపోవడం, డిప్రెషన్, తలకు దెబ్బలు, ఒంటరితనం, వాయు కాలుష్యం. వీటన్నింటినీ సరిచేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా రాకుండా ఆపడమో, ఆలస్యం చేయడమో సాధ్యమని ఆ సంఘం అంచనా. ఒక మనిషికి ఇది హామీ కాదు. కానీ శుక్లాల ఆపరేషన్, చెవి యంత్రం, బీపీ మాత్ర, చుట్ట మానడం, సాయంత్రం గట్టు మీద నడక మెదడుకు కూడా మందులేనని దీని అర్థం.

మన తెలుగు నేల నుంచే వచ్చిన ఒక పరిశోధన ప్రపంచమంతా చదివింది. నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఫలితాల్లో, రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువు రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. బందరులో ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. రెండో భాష మందేమీ కాదు. నలుగురితో మాట్లాడుతూ, బుర్రకు పని చెబుతూ ఉండటం మంచిదన్న సూచన మాత్రం అందులో ఉంది.

నిజంగానే ఉందని తేలితే

అప్పుడు చాలా కుటుంబాలు మొదట అడిగేది ‘‘ఆవిడకి చెప్పకండి డాక్టరుగారూ’’ అని. ప్రేమతోనే అడుగుతారు. కానీ తొలి దశలో ఉన్న మనిషికి ఇంకా నిర్ణయం తీసుకునే శక్తి ఉంటుంది. ఆ కొద్ది కాలం చాలా విలువైనది. ఇల్లు, పొలం, వీలునామా, బ్యాంకు నామినీ, రేపు వైద్యం ఎలా జరగాలి అన్నవి ఆవిడే చెప్పగలిగే రోజులవి. తెలివి ఉండగా రాసిచ్చిన సాధారణ పవర్ ఆఫ్ అటార్నీ, ఆ మనిషి తెలివి కోల్పోయాక చట్టప్రకారం నిలవదు. కాబట్టి లాయరును ముందే కలవాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కింద, తన వైద్యం ఎలా జరగాలో ముందస్తుగా రాసిపెట్టుకోవచ్చు, తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకోవచ్చు. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని వదిలేస్తే, ఆ దస్తావేజును రద్దు చేయమని తల్లిదండ్రుల సంరక్షణ చట్టం 2007 కింద ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. నెమ్మదిగా, ఆవిడ ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటే అంతవరకు చెప్పడమే మంచిది.

చూసుకునేవాళ్ల సంగతీ చూడాలి. మన ఇళ్లలో ఈ బరువు చాలావరకు ఒక్క కోడలి మీదో, ఒక్క కూతురి మీదో పడుతుంది. దూరాన ఉన్నవాళ్లు డబ్బు పంపితే సరిపోదు. ఏడాదిలో కొన్ని వారాలు వచ్చి ఆ పని తాము చేయాలి. పెద్దల సమస్యలకు 14567, మానసిక ఒత్తిడికి టెలీ మానస్ 14416 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ప్రభుత్వ ఆస్పత్రులు చేయాల్సిందీ ఉంది. మచిలీపట్నంలో 2023లో వైద్య కళాశాల వచ్చింది. అలాంటి చోట వారానికి ఒక్కరోజైనా జ్ఞాపకశక్తి క్లినిక్ నడవాలి. బీపీ, షుగర్ చూసే ప్రతి ఆరోగ్య కేంద్రంలో అరవై దాటినవారిని ‘‘మరుపు గురించి దిగులుగా ఉందా?’’ అని ఒక్క ప్రశ్న అడగాలి. బి12, థైరాయిడ్, సోడియం పరీక్షల కోసం పెద్దవాళ్లు బస్సెక్కి ఊళ్లు తిరిగే అవసరం ఉండకూడదు. వార్డులో పెద్దవాళ్ల వినికిడిలో ‘మతి పోయింది’ అనే మాట సిబ్బంది నోట రాకూడదు.

ఇంట్లోనూ అంతే. తాతగారు పేరు మరిచిపోతే పిల్లల ముందు నవ్వకండి. ‘‘ఇందాకే చెప్పానుగా’’ అని విసుక్కోకండి. సంతకం పెట్టించుకునే ముందు కాగితంలో ఏముందో చదివి వినిపించండి. మనవరాలి సంబంధం గురించి ఆయన అభిప్రాయం అడగండి. రేపు నిజంగా మరుపు వచ్చినా ఈ ఇంట్లో తన స్థానం తనకు ఉంటుందన్న నమ్మకం పెద్దవాళ్లకు కలిగితే, వాళ్లు దాచుకోరు. మొదటి నెలలోనే మీతో చెబుతారు. ఆ వారంలోనే డాక్టరు దగ్గరకు తీసుకురండి.